తప్పు కొసకు గులాబీ రంగు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, అఫ్జల్‌గంజ్‌లోని మా దారాల దుకాణంలో గల్లాపెట్టెకు ఆనుకుని నేను కునుకు తీస్తుండగా ప్రకాశ్ వచ్చాడు. ప్రకాశ్ అంటే డేవిడ్ మామ కొడుకు. డేవిడ్ మామ మాకు చుట్టమేమీ కాడు. బస్సుల వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఉండేది మాదన్నపేటలో, నా పరికిణీల కాలం నుంచీ మా గిరాకీ. మా పాతబస్తీలో ఒకే దుకాణానికి పదేళ్ళు వరసగా వచ్చినవాడు అన్న అవుతాడు, ఇరవై ఏళ్ళు వస్తే మామ అవుతాడు, ముప్పై దాటితే మనం చెప్పిన ధరకు మొహం మీదే నవ్వే హక్కు సంపాదించుకుంటాడు. డేవిడ్ మామ ఆ మూడో మెట్టు ఎప్పుడో ఎక్కేశాడు.

ప్రకాశ్ జేబులోంచి ఒక రీలు, సంచీలోంచి ఒక లావుపాటి టార్చి తీసి బల్ల మీద పెట్టాడు. "అక్కా, ఇది గాలానికి కట్టే తంగూసు. ఫోన్‌ల తెప్పించిన. రాత్రిపూట గీ నీలం లైటు కొడితే దారం మెరుస్తదంట. డాడీకి ఇప్పుడు కండ్లు మంచిగ కనబడ్తలేవు గదా, చెర్వు కాడ దారం చూస్కోనీకి పనికొస్తదని తెచ్చిన. గాని ఆయన ముడుతలేడు. 'ముందుగాల భారతిని అడుగు, రంగు ఏ కొసకున్నదో. ఆమె చెప్తెనే గాలం కడ్త' అంటుండు. అనుకుంట ఒక్కడే నవ్వుతుండు. ఏందక్కా గది?"

నాకు నిద్ర ఎగిరిపోయింది. నేనూ నవ్వడం మొదలుపెట్టాను. పక్క దుకాణం అతను బయటికి వచ్చి తొంగిచూసేంత నవ్వాను. ప్రకాశ్‌కు చాయ్ చెప్పి, స్టూలు చూపించి, ఆ నవ్వు వెనకాల ఉన్న సంగతి అంతా అతనికి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. కాకపోతే నోటితో చెప్పేటప్పుడు నన్ను నేను కొంచెం తెలివైనదానిగా చెప్పుకున్నాను. కాగితం మీద ఆ సౌకర్యం లేదు.

మా దుకాణానికి అప్పుడూ ఇప్పుడూ ఒకటే వాసన. జనపనార, మైనం, నాఫ్తలీన్ గోళీలు, మధ్యాహ్నం గాలి మళ్ళితే వీటన్నింటి మీదుగా మూసీ. సుతిలి, మోకులు, కుట్టుదారం, పూలదారం, పరుపులు కుట్టే లావు దారం, ఏదడిగినా ఉండేది. మా బాపు దారాన్ని కళ్ళతో కాదు, చెవితో కొనేవాడు. రెండు చేతుల మధ్య బిగించి, చెవి పక్కన పెట్టుకుని వేలితో మీటి, కళ్ళు మూసుకునేవాడు. అమ్మేటప్పుడు మాత్రం పద్ధతి వేరు. బల్ల మీద తలకు తగిలేంత కిందికి వంద క్యాండిళ్ళ బల్బు ఒకటి వేలాడేది. గిరాకీ మెట్టెక్కగానే దాన్ని వెలిగించేవాడు, గిరాకీ దిగగానే ఆర్పేవాడు. మొఘల్‌పురాలోని మా ఇంట్లో మేమంతా జీరో బల్బు కింద తడుముకుంటూ అన్నాలు తింటుంటే, దుకాణంలో సుతిలి ఉండ మాత్రం పెళ్ళికూతురిలా వెలిగిపోయేది. "సరుకు వెల్తుర్ల చూపించాలె, ధర మెల్లగ చెప్పాలె. కనబడేదే అమ్ముడువోతది" అనేవాడు బాపు. ఆయనకు తెలిసిన వేదాంతమంతా అదే.

దారాన్ని బారల్లో కొలిచేవాళ్ళం. రెండు చేతులు చాచితే ఒక బార. బాపు పొట్టివాడు, చేతులూ పొట్టివే. అందుకని కొలిచే పని ఎప్పుడూ ఆయనే చేసేవాడు. నేను తాడిలాగా పెరుగుతుంటే ఇంట్లో అందరూ మురిసిపోయారు, బాపు తప్ప. "దీని బారల అమ్మితే మనం అడుక్క తినాలె" అని దిగులుపడేవాడు.

బేరం నేర్పింది మాత్రం అమ్మ. ఆదివారం పొద్దున మాదన్నపేట కూరగాయల మార్కెట్‌కు నన్ను వెంట తీసుకుపోయేది, నేను సంచి మోస్తానని కాదు, నాకొక వేషం ఉండేది. అమ్మ బెండకాయల ధర అడిగి, విని, ఎవరో పోయినట్టు గుండె మీద చెయ్యి వేసుకునేది. అప్పుడు నేను కొంగు లాగి, "అమ్మా పా, అవతల తక్కువకిస్తుండు" అనాలి. అవతల ఎవరూ లేకపోయినా అనాలి. అవతల గోడ ఉన్నా అనాలి. ఇద్దరం ఏడడుగులు నడిచేవాళ్ళం. ఎనిమిదో అడుగు పడకముందే వెనక నుంచి పిలుపు వచ్చేది. ఇప్పటికీ నేను ఏ బంగారం దుకాణంలోంచి బయటికి వస్తున్నా మనసులో అడుగులు లెక్కపెడతాను. ఈమధ్య ఎవరూ పిలవడం లేదు. ఏడు దాటి, పది దాటి, ఆటోస్టాండు దాకా నడిచిన రోజులున్నాయి.

డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో నన్ను ఏం చేయాలన్నది మా ఇంట్లో పెద్ద లొల్లి. అమ్మకు నన్ను టైపు నేర్పించి, ఏదో ఒక ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోబెట్టాలని. నాకు దుకాణం గద్దె మీద కూర్చోవాలని. ఆ తెల్లటి పరుపు, పక్కన గల్లాపెట్టె, నెత్తిన ఆ బల్బు. అంతకు మించిన ఉద్యోగం లోకంలో ఉందని నేను అనుకోలేదు. బాపు ఎటూ చెప్పేవాడు కాదు. ఆడపిల్లను గద్దె మీద కూర్చోబెడితే బజారు ఏమంటుందోనని ఆయన భయం, వద్దంటే నేను ఏమంటానోనని ఇంకో భయం.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం, బాపు భోజనానికి ఇంటికి వెళ్ళి అటే నడుం వాల్చిన వేళ, బొంబాయి నుంచి ఒక ఏజెంటు మా మెట్లెక్కాడు. పెట్టె తెరిచి చిన్నచిన్న రీళ్ళు చూపించాడు. నీళ్ళలాంటి దారం, ఉందో లేదో తెలియనంత సన్నం. లాగితే తెగదు. డజను ఇంత అన్నాడు. నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. అతను కొంచెం దిగాడు. నేను బల్బు ఆర్పేశాను. ఇంకొంచెం దిగాడు. కొంగు లాగడానికి పక్కన ఎవరూ లేరు గనుక నా పమిట నేనే సర్దుకుని లేచి నిలబడ్డాను. చివరికి సగానికన్నా తక్కువకు, పన్నెండు డజన్లూ నా పాలు చేసి, నుదురు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. సందు మలుపు తిరిగేటప్పుడు ఈల వేశాడు. బేరంలో ఓడిపోయినవాడు ఈల వేయడు. ఆ సంగతి నాకు సాయంత్రానికి గాని తట్టలేదు.

బాపు వచ్చి బల్బు వేసి, రీలు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టాడు.

"దారం ఏది?" అన్నాడు.

"నీ చేతులనే ఉన్నది బాపూ."

"కనబడ్తలేదు."

"గదే దాని గొప్ప."

బాపు బల్బు ఆర్పి కూర్చున్నాడు. "కనబడని సరుకు ఎట్ల అమ్ముతవ్ బిడ్డా? ఇంతకు ఇది దేనికి పనికొస్తది?"

అంతసేపు బేరమాడాను గాని ఆ ఒక్క ముక్క అడగలేదు నేను. తడుముకోకుండా "ముత్యాలు గుచ్చనీకి" అన్నాను. మర్నాడు పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణాలన్నీ ఎక్కి దిగాను. ఒక పెద్దాయన రీలు తిప్పి చూసి, దయతో నవ్వి, "బేటీ, మోతియాఁ రేషమ్ మే పిరోతే. యే తో మఛ్లీ పకడ్నే కా తార్ హై" అన్నాడు. ముత్యాలకు పట్టుదారమే కావాలట, ఇది చేపలు పట్టే దారమట. తిరిగి వచ్చి చెబితే బాపు ఏమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి, తీర్పు చెప్పినట్టు చెప్పాడు. "దసరాకు ముందల గీ రీళ్ళు పోతె, గద్దె మీద నా పక్కన నువ్వు కూసో. బజారు ఏమన్న అనుకోనీ. పోకపోతె మీ అమ్మ చెప్పినట్టు టైపుకు పోవాలె. మల్ల లొల్లి పెట్టద్దు." అమ్మకు ఆ కబురు ఎలా చేరిందో గాని ఆ సాయంత్రమే టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి, ఆరు నెలల ఫీజు ఒకేసారి కడతానని చెప్పి, అక్కడా తగ్గించుకుని, కట్టేసి వచ్చింది.

చేపల సంగతి మా గిరాకీల్లో తెలిసినవాడు ఒక్కడే, డేవిడ్ మామ. శనివారం డ్యూటీ దిగి, గ్రీజు చేతులతోనే, గాలానికి నల్ల పేటదారం కోసం వచ్చేవాడు. ఆ శనివారం నేను నల్లదారం ముట్టుకోకుండా తంగూసు రీలు చేతిలో పెట్టాను. "మామా, చాపకు అస్సలు కనబడది" అన్నాను. మామ దాన్ని బల్బు కింద అటూ ఇటూ వంచి చూశాడు.

"చాపకు కనబడది, మంచిగనే ఉన్నది. మరి నాకు కనబడొద్దా బిడ్డా?" అన్నాడు. "గట్టు మీద పెట్రోమాక్స్ లైటు పెడ్త. వెల్తురుకు పురుగులొస్తయి, పురుగుల కోసం చిన్న చాపలు, పరకలొస్తయి, పరకల కోసం కొర్రమట్ట వస్తది. నీళ్ళ మీద తేలే బెండు కడ్తె గా చప్పుడుకే కొర్రమట్ట పారిపోతది. అందుకే నేను దారం దిక్కే చూస్త. దారం సడలిందంటె కరిసినట్టు. గీ తంగూసు నీళ్ళ మెరుపుల కలిసిపోతె నేను దేన్ని చూడాలె, నీ మొకమా?"

"నల్లదారం కనబడ్తదా మరి?"

"నాకు కనబడ్తది. చాపకూ కనబడ్తది. ఇద్దరం ఒకల్నొకలు చూస్కుంట తెల్లారెదాంక కూసుంటం."

బాపు గద్దె మీద దగ్గాడు. ఆ దగ్గులో టైపు మిషను చప్పుడు వినబడింది నాకు. "నీకు కనబడి, చాపకు కనబడకపోతె కొంటవా మామా?" అన్నాను. "నేనొక్కన్నేంది, వర్క్‌షాపుల గాలం పట్టేటోల్లందరితోటి కొనిపిస్త" అన్నాడు మామ, అలాంటిది భూమ్మీద లేదన్న ధీమాతో.

రాత్రంతా ఆలోచించాను. మనిషి ఉండేది నీళ్ళ పైన, చేప ఉండేది నీళ్ళ లోపల. దారం కూడా సగం పైన, సగం లోపల. పైన ఉండే భాగానికి రంగు వేసి, లోపలికి పోయేదాన్ని అలాగే వదిలేస్తే సరి. ఇంత తేలిక సంగతి ఇన్ని తరాలుగా ఎవరికీ తట్టలేదా అనుకుని పొంగిపోయాను. తేలికగా తట్టినదాని దగ్గరే జాగ్రత్త పడాలని అప్పటికి నాకు తెలియదు. రంగు ఎవరు వేస్తారన్నది ఫికర్ కాలేదు. మా సందు చివర ఖాజా భాయ్ ఉన్నాడు, పతంగుల మాంజా చేస్తాడు. సంకురాత్రి దాటితే ఆయనకు ఏడాదంతా ఖాళీయే. ఉడికించిన అన్నం మెత్తగా పిసికి, రంగు కలిపి, గాజుపొడి వేసి, రెండు కట్టెల మధ్య బిగించిన దారానికి పూస్తాడు. నేను వెళ్ళి గాజుపొడి వద్దు, రంగు మాత్రం మస్తుగా కనబడాలన్నాను.

ఖాజా భాయ్ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నన్ను పైకీ కిందికీ చూశాడు. "మఛ్లీ కే సాథ్ పతంగ్ ఉడాతే క్యా బేటీ?" చేపలతో పతంగులు ఎగరేస్తావా అని. అయినా ఉన్నవాటిలో గట్టి గులాబీ రంగు తీశాడు. ఒక్క రీలుకు చేసి చూద్దామన్నాడు. "ఒక్కదానికైతే ఎంత, అన్నింటికైతే ఎంత?" అని అడిగాను. అన్నీ ఇస్తే బాగా తగ్గిస్తానన్నాడు. అన్నీ ఇచ్చేశాను. రీలు కొసన మూడు బారలు పూయమని చెప్పాను. ఆయన పూశాడు, ఎండబెట్టాడు, మళ్ళీ చుట్టి ఇచ్చాడు. బల్బు కింద వరుసగా పేరిస్తే పన్నెండు డజన్ల గులాబీ మొగ్గలు. బాపు చేత్తో తాకి, మొదటిసారి, "మంచిగ కనబడుతున్నది" అన్నాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. దారాల దుకాణంలో పుట్టి పెరిగినవాళ్ళకు దారానికి ఒకటే కొస. రీలు మీద పైకి ఉండేది, గిరాకీకి లాగి చూపించేది. రెండో కొస రీలు లోపల ఎక్కడో ఉంటుంది, గిరాకీ ఇంటికి పోయాక ఎప్పుడో బయటపడుతుంది, దానితో మాకేం పని? అందుకే "కొసన పూయి" అని నేను అన్నప్పుడు ఏ కొస అని ఖాజా భాయ్ అడగలేదు, నేను అనుకోలేదు, బాపుకూ తట్టలేదు. ముగ్గురం దారం మీద బతికేవాళ్ళమే. గాలం వేసేవాడు ఆ పై కొసనే లాగి గాలం కడతాడని, నీళ్ళలోకి మొట్టమొదట దిగేది అదేనని, రెండో కొస వాడి చేతిలో ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు.

మరుసటి శనివారం రాత్రి బాలాపూర్ అవతల ఒక చెరువుకు వెళ్ళాం. డేవిడ్ మామ తన మోపెడ్ మీద, బాపూ నేనూ మా స్కూటర్ మీద. సరుకు పరీక్ష చూడకుండా ఉండలేనన్నాను, ఆడపిల్లను ఒక్కదాన్నే పంపలేనన్నాడు బాపు. బాపు జీవితంలో చెరువు గట్టు ఎక్కడం అదే మొదలు. తెల్లటి ధోవతి మోకాళ్ళ పైకి పట్టుకుని, మామ డబ్బాలో ఎరకు తెచ్చిన కప్పపిల్లల్ని వంగి చూసి, "ఇవి ఎంతకిస్తరు?" అని అడిగాడు. "కొంటమా సేటూ, పట్టుకొస్తం" అన్నాడు మామ. బాపు నడుం నిటారు చేసి, "పెట్టుబడి లేని యాపారం" అని గౌరవంగా అన్నాడు.

మామ లైటు వెలిగించి గట్టు అంచున పెట్టాడు. పురుగులు మూగాయి. కొంచెం దూరం జరిగి, నోట్లో టార్చి పట్టుకుని రీలు కొస లాగి గాలం కట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక క్షణం ఆగాడు. టార్చి చేత్తో తీసి నా మొహం మీద వేశాడు, తర్వాత బాపు మొహం మీద వేశాడు, మళ్ళీ నోట్లో పెట్టుకుని ముడి బిగించాడు. దోమ కుట్టి ఉంటుందనుకున్నాను. కప్పను గుచ్చి దారం విసిరాడు. నేను కళ్ళు చికిలించి ఎంత చూసినా నీళ్ళ మీద మెరుపే తప్ప గులాబీ రంగు జాడ లేదు.

"కనబడుతున్నదా మామా?" అన్నాను.

"మస్తు కనబడుతున్నది" అన్నాడు మామ, దారం వైపు చూడకుండానే.

మెకానిక్కు గదా, చూపు గట్టిది అనుకున్నాను. బాపు నా వైపు తిరిగి తల ఊపాడు. ఆ చీకట్లో నాకు గద్దె మీది తెల్ల పరుపు కనబడింది.

ఒక గంట ఏమీ లేదు. తర్వాత దారం దిగిన చోట నీళ్ళు ఉడికినట్టు కదలడం మొదలైంది. చిటికెన వేలంత పరకలు, పది, యాభై, లెక్క లేదు. మామ ఎన్నడూ ఇన్ని చూడలేదన్నాడు. అవి కప్పను ముట్టడం లేదు, దారం చుట్టూ తిరుగుతున్నాయి. అంతలో మామ చూపుడువేలికి చుట్టుకున్న దారం సర్రున లాగింది. మామ లేచాడు, జారాడు, మళ్ళీ లేచాడు. బాపు మామ నడుం పట్టుకున్నాడు, నేను బాపు కండువా పట్టుకున్నాను. ముగ్గురం కలిసి మూరకు పైగా ఉన్న కొర్రమట్టను గట్టు మీదికి లాగాం. అది లైటు పక్కనే పడి ఎగిరెగిరి తన్నుకుంటోంది. దాని మూతి నుంచి బయటికి వచ్చిన దారం గులాబీ రంగులో ఉంది. అక్కడక్కడా అన్నం పూత కొరికేసిన గుర్తులు. మామ చేతిలో ఉన్న దారం మాత్రం నీళ్ళలాగా, ఉందో లేదో తెలియకుండా ఉంది.

చేప తోకతో నేలను కొడుతోంది. నాకు అర్థమైంది. ఖాజా భాయ్ పూసిన అన్నం కోసం పరకలు వచ్చాయి, పరకల కోసం కొర్రమట్ట వచ్చింది. మామకు కనబడాలని వేసిన రంగు నేరుగా చేపల విస్తట్లో వడ్డించాను. మామ దారం అటూ ఇటూ తిప్పి, "ఏందో బిడ్డా, నీ తంగూసు మాత్రం జబర్దస్త్ ఉన్నది. నాకొక డజను కట్టియ్యి" అన్నాడు.

తిరుగు దారిలో మొఘల్‌పురా సందులోకి తిరిగాక బాపు స్కూటర్ ఆపి, తల తిప్పకుండా అడిగాడు. "నిజం చెప్పు. ఏ కొసకు పూయమన్నవ్?"

"పై కొసకు" అన్నాను. "తప్పు కొసకు."

"ఆఁ. నాకూ ఇప్పుడే సమజయింది" అన్నాడు బాపు. "తప్పు అందరం చేస్తం. గాని రేపటి సంది గిరాకీకి చెప్పి అమ్ము. తప్పు కొసకు రంగున్నదని ముందుగాల చెప్పు, తర్వాత ధర చెప్పు. గట్ల అమ్ముడువోతె గద్దె నీది. చెప్పకుంట అమ్మినవో, పన్నెండు డజన్లు కాదు, పన్నెండు వందలమ్మినా టైపుకే."

నా ప్రాణం పోయినంత పనైంది. కనబడని సరుకును అమ్మడం ఒక ఎత్తు, తప్పుదని చెప్పి అమ్మడం ఇంకో ఎత్తు. ఆ వారమంతా అద్దం ముందు సాధన చేశాను. శనివారం డేవిడ్ మామ వెనక వర్క్‌షాపు మనుషులు ఏడెనిమిది మంది మెట్లెక్కారు. బల్బు వేసి, గొంతు సవరించుకుని చెప్పాను. "భాయ్, ముందుగాల చెప్తున్న. దీనికి రంగు తప్పు కొసకు పడ్డది. గట్టు మీద మీకు కనబడది."

"మాకు గదే తప్పుది కావాలె చెల్లె" అన్నాడు ముందున్నవాడు.

వెనక ఒక సన్నటి మనిషి, ఎవరింటివాడో గాని బేరంలో నా జాతివాడే, ముందుకు వచ్చాడు. "తప్పుది గదా, రేటు తక్కువ చెయ్యి" అన్నాడు.

"సరైనదైతే తక్కువకిద్దును అన్నా. సరైనదానికి చాపలు పడవు" అన్నాను. బాపు గద్దె మీద మళ్ళీ దగ్గాడు. ఈసారి ఆ దగ్గు నవ్వును మింగడానికి.

దసరాకు ఇంకా పది రోజులుందనగా ఒక్క రీలు తప్ప అన్నీ పోయాయి. ఆ ఒక్కటి బాపు అమ్మనివ్వలేదు. "గద్దె ఎక్కినోల్లకు గుర్తుండాలె" అని పై అరలో పెట్టించి, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. బజారు రెండు రోజులు తొంగిచూసింది, మూడో రోజు నుంచి ధర తగ్గించమంది. టైపు ఫీజు వాపసు ఇచ్చేది లేదని వాళ్ళు ఖచ్చితంగా చెప్పేశారు. అమ్మ కట్టిన ఫీజు వదులుకునే మనిషి కాదు. నా బదులు తనే వెళ్ళి ఆరు నెలలు టైపు నేర్చుకుంది, క్లాసులో అందరికన్నా పెద్దది, అందరికన్నా వేగం. ఆ తర్వాత మాదన్నపేట మార్కెట్‌లో ధర వినగానే గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ చేతి వేళ్ళతోనే టపటపా ఏదో కొట్టుకునేది. ఏం టైపు చేస్తున్నావమ్మా అని నేనంటే, "వీడి మీద కంప్లెయింటు" అనేది.

ఇదంతా విని ప్రకాశ్ చాయ్ చల్లార్చుకున్నాడు. ఇప్పుడు బాపు లేడు, అమ్మ లేదు. ఖాజా భాయ్ కొడుకులు పతంగుల పని వదిలి సెల్‌ఫోన్లు బాగు చేస్తున్నారు. తలకు తగిలే బల్బు చోట ట్యూబులైట్లు వచ్చాయి. గిరాకీ వచ్చినా రాకపోయినా వెలుగుతూనే ఉంటాయి, ఆర్పి అతన్ని బెదిరించే వీల్లేదు. ఫోనుతో కట్టిన డబ్బు పడిందని గల్లా పక్కన డబ్బా ఒకటి ఆడగొంతుతో అరుస్తుంది. ఆ గొంతుతో బేరం కుదరదు. ప్రకాశ్ తెచ్చిన రీలు కూడా ఎవరూ గుండె మీద చెయ్యి వేసుకోకుండా, ఎవరూ ఈల వేయకుండా, వేలితో నొక్కితే వచ్చిపడిన సరుకు. దాన్ని పట్టుకుంటే నాకు ఎందుకో జాలేసింది.

"డాడీకి ఫోన్ కల్పు" అన్నాను. మామ గొంతు వచ్చింది, వయసుతో కొంచెం బొంగురుపోయింది గాని చురుకు తగ్గలేదు.

"మామా, కొత్త తంగూసు చూసిన. రెండు కొసలకు రంగే. నడుమ కూడ రంగే."

"అయితె నాకద్దు. చాప కూడ చూస్తది."

"నీలం లైటు పైనే పడ్తది డాడీ, నీళ్ళలోపల మెరవదు" అన్నాడు ప్రకాశ్.

"నీకెవరు చెప్పిండ్రు? చాప చెప్పిందా?"

చూసి తేల్చేద్దామని ట్యూబులైట్లు ఆర్పించి, షట్టరు సగానికి దించమన్నాను. ప్రకాశ్ నీలం టార్చి వేశాడు. కొత్త రీలు పచ్చగా, మిడత రెక్కలాగా మెరిసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ప్రకాశ్‌ను స్టూలు ఎక్కించి పై అరలో చెయ్యి పెట్టించాను. దుమ్ముతో పాటు ఆ పాత రీలు చేతికొచ్చింది. దాని మీద టార్చి పడగానే ఇద్దరం ఒక్కసారి వెనక్కి జరిగాం. ఖాజా భాయ్ గులాబీ రంగు కుంపట్లో నిప్పులా భగ్గుమంది. కొత్తదాని కన్నా రెండింతలు.

"మామా, మన తప్పు కొస మెరుస్తున్నది!" అని అరిచాను.

"రేటెంత?" అన్నాడు మామ.

అమ్ముతానో లేదో కూడా ఆలోచించలేదు నేను. నోరు దానంతటదే ధర చెప్పేసింది. చెప్పాక బాపు మాట గుర్తొచ్చి, "ముందుగాల చెప్పాల్సింది. దీనికి రంగు తప్పు కొసకున్నది" అన్నాను.

"నాకెర్కలేదా? గాలం కట్టిన్నాడే చూసిన."

"ఏ నాడు?"

"గా రాత్రే. నోట్ల టార్చి పెట్టుకొని ముడి ఏస్తున్న, ముడికాడ గులాబి రంగు. చెప్దామనుకున్న. నీ మొకం మీద లైటేసి చూస్తె పరీక్ష రాసొచ్చిన పోరి లెక్కున్నవ్. పక్కన మీ బాపు నిలబడ్డడు. ఒక్క రాత్రి చాపలు పోతె పోనీ అనుకున్న."

"మరి మస్తు కనబడుతున్నదంటివి?"

"కనబడ్తలేదంటె రంగు ఏడ పోయిందని మీ బాపు అడగడా? చాప పడుడు నా గొప్ప గాదు, నీ గొప్ప గాదు. అన్నం గొప్ప."

ఇన్నేళ్ళూ ఆ రాత్రిని నా అదృష్టం లెక్కలో చెప్పుకుంటూ వచ్చాను. ప్రకాశ్‌కు అరగంట కిందట కూడా అలాగే చెప్పాను. గ్రీజు చేతుల మనిషి ఒకడు వారమంతా ఎదురుచూసిన శనివారాన్ని నా కోసం చెరువులో పారేసి, చీకట్లోకి చూస్తూ కనబడుతోందని చెప్పాడని తెలియదు. చీకట్లో ఉన్నాం గనుక సరిపోయింది, ప్రకాశ్ నా మొహం చూడలేదు.

"ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్న" అన్నాడు మామ ఫోనులో. "ఇప్పుడన్న రేటు తగ్గియ్యి."

తగ్గించాను. ఎంతో రాయను, ఆ గద్దె మీద రోజూ కూర్చోవలసినదాన్ని. రీలు దుమ్ము తుడిచి కాగితంలో చుడుతూ, "మామా, ఈసారన్న రీలు తిప్పి చుట్టుకొని, గాలం రెండో కొసకు కట్టు" అన్నాను.

"ఎందుకు? చాప పడ్డది తప్పు కొసకే గదా!"

"గట్లయితే నీకేం కనబడ్తది డాడీ?" అన్నాడు ప్రకాశ్.

"నాకెందుకు కనబడుడు? నువ్వు పక్కన కూసొని, 'మస్తు కనబడుతున్నది డాడీ' అను. చాలు."